మందిరం గేటు దగ్గర తీసిన లెక్క

ఆకలేసి మందిరం గడప తొక్కినవాడి దణ్ణం దేవుడికి చేరుతుందా, లేక పళ్లెం దగ్గరే ఆగిపోతుందా? లెక్కలాయనను ఏళ్ల తరబడి తొలిచిన సందేహం ఇది. ప్రార్థనలో కళ్లు మూసుకున్నా వదిలేది కాదు.

ఆయన ఒక పరిశోధన సంస్థలో సర్వే మనిషి. భక్తికీ, పేదరికానికీ, ప్రభుత్వ సాయానికీ ముడి ఎక్కడుందో తేల్చే ఫారాలు పట్టుకుని ఇంటింటికీ తిరగడం ఆయన ఉద్యోగం. అందుకే పేటలో ఆ పేరు.

మూడేళ్ల కిందట మాత్రం ఇంటింటికీ తిరగలేదు. మోకాళ్ల నొప్పులు, మాడ్చేసే ఎండ, నాలుగొందల ఇళ్లు. మధ్యాహ్నం భోజనానికి మందిరం ముందు జనం ఎలాగూ బారులు తీరతారు కదా అని గేటు దగ్గర స్టూలు వేసుకున్నాడు. నాలుగు రోజుల్లో ఫారాలన్నీ నిండాయి. "మధ్యాహ్నం ఎక్కడ తింటారు?" అనే ప్రశ్నకు దాదాపు అందరూ వెనకున్న మందిరం వైపే గడ్డం ఎగరేశారు. ఎగరెయ్యక ఏం చేస్తారు? పళ్లాలు పట్టుకుని నిలబడ్డవాళ్లే కదా!

సంస్థలోని మేడం ఆ ఫారాలు నమ్మి, పేటలో పదిమందిలో తొమ్మిదిమందికి మందిరమే తిండి పెడుతోందని నివేదిక రాసింది. ప్రభుత్వం అది చదివి, చదివి, చివరికి ఈ నెల మొదట్లో పేటలో తాను నడిపే భోజన కేంద్రానికి తాళం వేసింది. అక్కడ తినేవాళ్లంతా మందిరం మీద పడ్డారు.

తాళం పడిన నాలుగో రోజు లెక్కలాయన ప్రార్థన ముగించి లేచేసరికి వంటశాలలో కేకలు. సగం మంది తినకముందే గిన్నెలు ఖాళీ అయ్యాయి. వంటాయనను గోడకు అదిమి, ఆయన గరిటెతోనే మూతి పగలగొట్టారు. గడ్డం మీదుగా రక్తం కారుతోంది. పేటలోని వెల్డరు ఒకడు ఇనుప కడ్డీ ఎత్తి పట్టుకున్నాడు.

"చెప్పరా, మా కేంద్రానికి తాళం వేయించి ఎంత చందా నొక్కేశావు?"

"నాకేం తెలుసు తమ్ముడూ? ఉప్పెంత వెయ్యాలో తప్ప ఇంకోటి తెలీదు."

"అదీ తెలీదులే నీకు!" అన్నాడెవడో. గుంపంతా గొల్లుమంది. ఆ నవ్వులోనే కడ్డీ దిగింది. వంటాయన భుజం పట్టుకుని కూలబడ్డాడు. పడ్డవాణ్ణి కాళ్లతో కుమ్మారు.

వెనక తలుపు తెరిచే ఉంది. అబద్ధమెందుకు, లెక్కలాయన అటు రెండడుగులు వేశాడు కూడా. మూడో అడుగు పడలేదు.

"ఆయన్ని వదలండి! కేంద్రానికి తాళం పడేలా రాసింది నేను!"

గుంపు తిరిగింది. "మీ ఇళ్లకు రాలేదు. గేటు దగ్గరే కూర్చుని, ఇక్కడ తినేవాళ్లనే అడిగి, పేటంతా ఇంతే అని రాశాను."

"నువ్వా, లెక్కలాయనా?" వెల్డరు నెమ్మదిగా దగ్గరికొచ్చాడు. "మా అమ్మ గేటుదాకా నడవలేదు. కిటికీలోంచి పిలిచి, నన్నూ రాసుకో నాయనా అంటే, రేపొస్తానమ్మా అన్నావు. మూడేళ్లయింది. ఆ రేపు ఎప్పుడు?"

జవాబు చెప్పేలోగా కడ్డీ కుడి మణికట్టు మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు ఆయనకే వినిపించింది. ఎవరో డొక్కలో తన్నారు. ఎవరో జుట్టు పట్టి మొహాన్ని గచ్చుకేసి కొట్టారు. నోట్లో రక్తం, విరిగిన పన్ను. దేవుడి పేరు తలుచుకుందామంటే ఊపిరి అందలేదు.

కడ్డీ మళ్లీ లేచింది, ఈసారి తల మీదికి. వంటాయన భార్య పొయ్యి మీద సలసల మరుగుతున్న నీళ్ల గిన్నెను కాలితో గుంపు వైపు ఒక్క తోపు తోసింది. అరుపులు. జనం ఒకరినొకరు తొక్కుకుంటూ బయటపడ్డారు. వెల్డరు పాదాలు బొబ్బలెక్కి, అక్కడే చతికిలబడి ఏడ్చాడు.

వంటాయన బతికాడు. చెయ్యి మాత్రం భుజం దాటి లేవదు.

కట్టుతోనే లెక్కలాయన సంస్థకు వెళ్లాడు. "ఆ నివేదిక తప్పు మేడం. తప్పు నాది."

"అచ్చయిపోయింది కదండీ, ఇప్పుడేం చేస్తాం?"

"మీరు చెప్పకపోతే పేపరువాళ్లకు నేనే చెబుతాను. ఉద్యోగం పోతే పోనీండి."

మేడం ఆ కట్టు వైపు చూసింది. తర్వాత లేచి, ఖాళీ ఫారాల కట్ట బల్ల మీద పెట్టింది. "తప్పని ఇవాళే ప్రభుత్వానికి ఉత్తరం రాస్తాను. ఈసారి ప్రతి గడపా ఎక్కండి."

మొదట ఎక్కింది వెల్డరు గడప. వాడు కాళ్లకు గుడ్డలు చుట్టుకుని గుమ్మంలో కూర్చున్నాడు. "లోపలికొచ్చావంటే రెండో చెయ్యీ విరుగుతుంది."

"నోర్ముయ్యరా! మనిషి నాకోసమొచ్చాడు," అంది లోపలి నుంచి ముసలమ్మ. వాడు గొణుక్కుంటూ కాళ్లు పక్కకు జరుపుకున్నాడు.

లెక్కలాయన మంచం పక్కన నేల మీద కూర్చుని, ఎడమచేత్తో కలం పట్టుకున్నాడు. "ఆలస్యమైందమ్మా."

"అయితే అయింది. అడుగు."

"మధ్యాహ్నం ఎక్కడ తింటారు?"

"వీడు కేంద్రం నుంచి తెచ్చిపెట్టేవాడు. ఇప్పుడు ఎక్కడా తినను నాయనా."

ఆమె చెప్పింది చెప్పినట్టే, వంకరటింకర అక్షరాలతో ఆఖరి ప్రశ్న దాకా రాసుకున్నాడు.