నత్త ఎన్ని టన్నులు?

రండర్రా, పలకలు పక్కన పెట్టి దగ్గరకి జరగండి. చివర కూర్చున్న పాపాయమ్మా, నువ్వూ రా. ఈ గాలికి నా మాట అంతదూరం రాదు.

ఎనభై అయిదో సంవత్సరం మాట. విశాఖపట్నం పోర్టు గేటుకి ఎదురుగా జోగమ్మ టీ కొట్టు ఉండేది. కొట్టులో ఓ మూల వీడియోగేమ్ పెట్టె. ఓడల్లో సరుకు దించే కలాసీలు షిఫ్టు దిగి అక్కడే టీ తాగేవారు. వాళ్లు గ్లాసులు అందుకోగానే పెట్టె అద్దంలోంచి ఏనుగు, తేలు, నత్త బయటికొచ్చి బల్ల మీద చేరేవి. ఏనుగు పిల్లిపిల్లంత ఉండేది. జోగమ్మ వాటికి సాసర్లలో టీ పోసి, "తేలుకి పంచదార తగ్గించాల. గ్లాసులు కొరికేత్తంది," అని గొణిగేది.

ఆటలో ఏనుగును పడగొడితే అయిదొందల పాయింట్లు, తేలుకు మూడొందలు, నత్తకు పది. కలాసీలకి బలమంటే టన్నులే కనక, పాయింట్లను టన్నుల్లోకి మార్చుకుని రోజూ తగువు పడేవారు.

"నా ఏనుగు యాభై టన్నులు లేపుతాది," అన్నాడు వీర్రాజు. "నీ నత్త ఏటి లేపుతాది బావా?"

బావ అంటే చలమయ్య. ఓడమీద బరువులెత్తే వించ్ నడిపేవాడు. నత్త సాసరు ముందుకు జరిపాడు. కుడిచెయ్యి వణికి టీ ఒలికింది. అందరూ చూడనట్టు ఊరుకున్నారు. ఆ వణుకు సంగతి కంపెనీదాకా పోయింది. శుక్రవారం పరీక్ష. అందులో తప్పితే ఇరవై రెండేళ్లుగా నడిపిన వించ్ ఇంకొకరి చేతికి పోతుంది.

"పది పాయింట్లది. కాలు తగిల్తే సచ్చిపోతాది," అన్నాడు తేలు పక్షం సత్యం.

"సచ్చినందుకిచ్చే లెక్క బలం ఎలాగవుతాదిరా?" అన్నాడు చలమయ్య.

మేస్త్రీ తవిటయ్య బీడీ ఆర్పాడు. "మీరందరూ హబేస్ గురించే అడగతన్నారు. ఆరియా ఎవలూ అడగరేటి?"

ఓడమీద హబేస్ అని కేకేస్తే ఎత్తమని, ఆరియా అంటే దించమని.

తవిటయ్య నిండు గ్లాసు పెట్టాడు. ఏనుగు తొండంతో చటుక్కున లేపింది కానీ, దించేటప్పుడు సగం ఒలకబోసింది. తేలు గ్లాసే పగలగొట్టింది. నత్త గ్లాసును వీపున పెట్టుకుని బల్లకాలు వెంట నేలమీదికి పాకింది. టీ మీద మీగడ కదల్లేదు.

"ఈలోపు ఓడ సరుకుతోటే ఎనక్కెల్లిపోతాది," అన్నాడు వీర్రాజు.

శుక్రవారం నత్త చలమయ్య మణికట్టు మీద కూర్చుని వచ్చింది. గేటు దగ్గర దానికి పాసేదని అడిగితే తవిటయ్య సర్దిచెప్పాడు. స్టీల్ ప్లాంటుకొచ్చిన నాలుగు టన్నుల యంత్రాన్ని లారీమీదికి దించాలి. ఇంజనీరు గురునాథరావు కాగితం పట్టుకుని నిలబడ్డాడు. లారీ పక్కనుంచి వీర్రాజు "ఆరియా" అని కేకేశాడు.

గాల్లో యంత్రం ఊగింది. చలమయ్య చెయ్యి వణుకుతోంది. పైకి చూస్తూనే వీర్రాజు కదలకుండా నిలబడ్డాడు. నత్త మణికట్టు నుంచి వేళ్లవైపు బయల్దేరింది. అది దాటిన మేర వణుకు ఆగిపోతూ వచ్చింది. చలమయ్య దాని నడకతోటే మీట జరిపాడు. షిఫ్టు సైరన్ మోగినా ఎవరూ కదల్లేదు.

"ఇంకెప్పుడు దించుతారయ్యా?" అని విసుక్కున్నాడు లారీ డ్రైవరు. అప్పటికి యంత్రం లారీమీద ఉంది.

గురునాథరావు "ఆలస్యం" అని రాశాడు. తర్వాత దాని కింద "వించ్ ఈయనకే ఉంచాలి" అని రాసి సంతకం పెట్టాడు.

నత్త మళ్లీ పెట్టెలోకి పోలేదు, చలమయ్య చేతిమీదే ఉండిపోయింది. పెళ్లిళ్లలో చలమయ్య వడ్డనకి నిలబడితే పులుసు చుక్క కింద పడేది కాదట. ఏనుగుది యాభై టన్నులా, అరవయ్యా అన్నది మాత్రం ఇంకా తేలలేదు.

ఇక లేవండి. అమ్మలు అన్నాలు వడ్డించి చూస్తుంటారు. తగువేదైనా ఉంటే దారిలోనే కానిచ్చుకుని, ఇంటికెళ్లి తినండి.