దీనమ్మ పళ్ళ తొడుగు

వరప్రసాదం మేష్టారింట్లో తెల్లవార్లూ తిరగలి తిరుగుతోందట. నూకాలమ్మ అన్నదని సత్తెమ్మ చెప్పిందట. సత్తెమ్మ చెప్పిందని కొబ్బరికాయల ఒలుపు దగ్గర కూర్చున్నవాళ్ళు చెప్పుకున్నారు. ఆ మాట అక్కడ పీచుతోపాటు నానీ నానీ, మేష్టారి భార్య మినుములు విసిరి అప్పడాల పిండి చేసి గుట్టుగా అమలాపురం కొట్లకి పంపిస్తోందనే దాకా ఊరింది. చివరికి తిరిగి తిరిగి మేష్టారి చెవినే పడింది. బడి నుంచి ఇంటికొస్తుంటే అంజిబాబు సైకిలాపి మరీ అడిగాడు.

"మేష్టారండీ, మా ఆడోళ్ళు అడగమన్నారండి. పప్పు ఇసరడానికి మనిషి కావాలంటే మా యింటిది వత్తాదండి. అమ్మగారొక్కరే రాత్రుళ్ళు అంత కష్టపడ్డం దేనికండీ?"

వరప్రసాదం నవ్వాడు. నవ్వక ఏం చేస్తాడు?

"తిరగలి కాదు అంజిబాబూ. మా టేబుల్ ఫ్యాను. నూనె లేక అలా మోగుతోంది."

"ఆయ్, ఫ్యానాండి," అన్నాడు అంజిబాబు. జనవరి నెల చలిలో ఫ్యానేమిటని అడగనంత మర్యాదస్తుడు.

తిరగలీ లేదు, ఫ్యానూ లేదు. దీనమ్మ నిద్రలో పళ్ళు కొరుకుతోంది. పగలు ఆవిడ మాట్లాడితే పక్క గదిలోకి వినపడదు. ఆ నోరే, కంటిమీద కునుకు పడిందంటే చాలు, రాళ్ళు రాసుకున్నట్టు గరగరమంటుంది. పక్కలో ఉన్న మొగుడికే కాదు, దడికవతల నూకాలమ్మకి కూడా నిద్ర లేదు.

ఎప్పట్నుంచని ఎవరైనా అడిగితే వరప్రసాదం "ఈమధ్యేనండి" అంటాడు. ఎప్పట్నుంచో అతనికి బాగా తెలుసు. రెండో పిల్ల చిన్నతల్లిని అక్కగారి ఒళ్ళో పెట్టిన దగ్గర్నుంచి.

అక్కగారు మరియమ్మ రాజోల్లో ఉంటుంది. తల్లి పోయాక వరప్రసాదాన్ని చంకనేసుకుని పెంచింది ఆవిడే. తను గంజి తాగి తమ్ముడికి మెతుకులు పెట్టింది. ఇతను ఇవాళ మేష్టారయ్యాడంటే అది ఆవిడ చలవే. అలాంటి మనిషి కడుపు పండలేదు. చెయ్యని ప్రార్థన లేదు, మింగని మందు లేదు. మొన్న క్రిస్మస్‌కి వచ్చినప్పుడు అన్నాల దగ్గర అడిగేసింది.

"ఒరే తమ్ముడూ, నీకిద్దరున్నారు. చిన్నదాన్ని నాకు పెంపకానికి ఇచ్చెయ్యరా."

"అలాగే అక్కా," అన్నాడు వరప్రసాదం. ఆ చంకనెక్కి తిరిగినవాడు ఇంకో మాట ఎలా అనగలడు? కూర వడ్డిస్తున్న దీనమ్మ మొహం ఎలా ఉందో అతను చూడలేదు. చూడకూడదనే చూడలేదు.

పాస్టరుగారొచ్చి ప్రార్థన చేశారు. పిల్లకి కొత్త గౌను తొడిగారు. దీనమ్మ అప్పటికే రొమ్ముకి వేపాకు ముద్ద రాసుకుని పాలు మాన్పించింది. తనే పిల్లని ఎత్తుకొచ్చి వదినగారి ఒళ్ళో కూర్చోబెట్టింది. ఏడవలేదు. "ఎంత గుండె నిబ్బరం!" అని పేటంతా మెచ్చుకుంది. బస్సెక్కుతూ మరియమ్మ ఒక్కటే మాటంది. "పిల్ల నాకు మాలిమయ్యేదాకా మీరెవరూ రాజోలు రాకండిరా. మిమ్మల్ని చూస్తే బెంగపెట్టుకుంటుంది."

ఆ మాటకీ వరప్రసాదం "అలాగే" అన్నాడు.

ఇక పళ్ళకి వైద్యం మొదలైంది. కడుపులో ఏలికపాములుంటే పళ్ళు కొరుకుతారని ఊళ్ళో అందరికీ తెలుసు కనక, ముందు ఆముదం పట్టించారు. తరవాత కాంపౌండరు బిళ్ళలిచ్చాడు. పాములూ పడలేదు, పళ్ళూ ఆగలేదు. పాస్టరుగారు నూనె రాసి ప్రార్థించారు. దవడ కిందినుంచి నెత్తిమీదికి గుడ్డ బిగించి కడితే నోరు కదలదని సత్తెమ్మ సలహా చెప్పింది. ఒక మధ్యాహ్నం దీనమ్మ అలాగే కట్టుకుని పడుకుంది. బడి నుంచి వచ్చిన వరప్రసాదం గుమ్మంలోంచి ఆ కట్టు చూసి చెప్పులు విడవకుండానే మంచం దగ్గరికి పరిగెత్తాడు. శవానికి కదా అలా కడతారు! తనే ముడి విప్పాడు. విప్పగానే గరగర మొదలైంది. ఆ చప్పుడు వినపడ్డందుకు మొదటిసారి ప్రాణం కుదుటపడింది.

ఎండలు ముదిరాక, మెత్తటి పెరుగన్నం తింటూ తింటూ దీనమ్మ ఆగిపోయింది. అరచేతిలోకి ఊస్తే దంతం ముక్క. రాయి కాదు, ఎముక కాదు, పెరుగన్నంలో పన్ను విరగడమేమిటి? ఆవిడ ఆ ముక్కని కంచం పక్కన పెట్టి మిగతా అన్నం తినేసింది.

ఇక లాభం లేదని ముక్తేశ్వరం రేవులో గోదారి దాటించే పంటెక్కి, కోటిపల్లి దిగి, బస్సుల్లో కుదుళ్ళు కదిలేలా కాకినాడ వెళ్ళారు.

పళ్ళ డాక్టరు వయసులో చిన్నవాడు. దీనమ్మ నోట్లో అద్దం పెట్టి చాలాసేపు చూశాడు. "ఈ వయసుకి ఇలా అరగవండి. అరవై దాటిన వాళ్ళ పళ్ళలా ఉన్నాయి," అన్నాడు. అచ్చు తియ్యడానికి గిన్నెలో గులాబిరంగు ముద్ద కలుపుతూ, "ఏమ్మా, మనసులో ఏదైనా దిగులు పెట్టుకున్నారా?" అనడిగాడు.

"దిగులేం లేదండి. ఏ లోటూ లేదు," అన్నాడు వరప్రసాదం.

"ఆవిణ్ణి అడిగేనండి."

దీనమ్మ మొగుడి వంక చూసింది. "ఆయన చెప్పేరు కదండీ," అంది.

డాక్టరు ఇంకేమీ అడక్కుండా బల్లమీద రెండు తొడుగులు పెట్టాడు. రెండూ గుర్రపులాడం ఆకారంలో ఉన్నాయి. పైపళ్ళకి తగిలించుకుని పడుకోవాలట. ఒకటి మెత్తది, రబ్బరులా వంగుతుంది. నోటికి హాయిగానే ఉంటుంది గానీ ఈవిడ కొరుకుడుకి వేగంగా చిల్లులు పడుతుంది. రెండోది గట్టిది, పళ్ళసెట్లు చేసే సరుకుతోనే చేస్తారు. మొదట్లో వాంతొచ్చినట్టుంటుంది, చొంగ కారుతుంది, దవడ లాగుతుంది. అలవాటైతే మాత్రం ఏళ్ళతరబడి మన్నుతుంది.

"ఏది చెయ్యమంటారమ్మా?"

దీనమ్మ మెత్తదాన్ని చేతిలోకి తీసుకుని బొటనవేలితో నొక్కి చూస్తోంది.

"గట్టిదే చెయ్యండి డాక్టరుగారూ. మన్నాలి కదండీ," అన్నాడు వరప్రసాదం.

ఆవిడ మెత్తదాన్ని బల్లమీద పెట్టేసింది.

మళ్ళీ వెళ్ళి తెచ్చుకున్నారు. ఆ రోజు డాక్టరు తొడుగు పెట్టి, నీలిరంగు కాగితం మధ్యన ఉంచి కొరకమని, మరకలు పడ్డచోటల్లా చిన్న మరతో అరగదీశాడు. పెడతాడు, తీస్తాడు, అరగదీస్తాడు. "ఇప్పుడెలా ఉందమ్మా?" అని అడిగిన ప్రతిసారీ దీనమ్మ తలూపింది. తిరుగు పంటులో వరప్రసాదం కూడా అడిగాడు, ఎలా ఉందని.

"నోటినిండా ఉందండి," అంది గోదారి వంక చూస్తూ.

అలవాటవడం అంత తేలిగ్గా అవలేదు. పెట్టుకోగానే డోకొచ్చేది. లేచి పెరట్లోకి పరిగెత్తేది. తలగడ గుడ్డ రోజూ ఉతుక్కునేది. కొన్నాళ్ళు తెల్లారేసరికి తొడుగు ఏ పక్కబట్టల్లోనో దొరికేది. ఎప్పుడు తీసేసిందో ఆవిడకే తెలీదు. "కాస్త ఓపిక పట్టు దీనమ్మా, డాక్టరు చెప్పేడు కదా," అనేవాడు వరప్రసాదం. ఆవిడ పట్టింది. ఓపిక పట్టడం ఆవిడకి కొత్తేం కాదు. పగలు తొడుగుని కడిగి, మూతున్న స్టీలు డబ్బాలో నీళ్ళుపోసి అందులో ఉంచేది. ఆరితే వంకర పోతుందన్నాడు డాక్టరు.

ఈ సంగతీ దడి దాటింది. కుప్ప నూర్చేటప్పుడు ఎడ్లు గింజ ముట్టకుండా మూతికి చిక్కం కడతారే, మేష్టారు పెళ్ళానికి అలాంటిదే కాకినాడలో చేయించి తెచ్చాడని చెప్పుకున్నారు. "చిక్కవైతే చిక్కవైంది గానీ, మాకు నిద్దర పడుతోంది," అందట నూకాలమ్మ.

నిజమే, చప్పుడు తగ్గింది. పేటంతా నిద్రపోయింది, ఒక్క వరప్రసాదం తప్ప. ఇదివరకు ఆ గరగరకి నిద్రపట్టేది కాదు. ఇప్పుడు వినపడుతోందేమోనని చెవులు రిక్కించడంతో పట్టడం లేదు.

వానలు వెనకబట్టిన ఒక ఆదివారం ఉదయం గడ్డం గీసుకుంటూ, వెలుతురు బాగా పడుతోంది కదాని డబ్బా మూత తీసి తొడుగుని చేతిలోకి తీసుకున్నాడు. అద్దంలా నున్నగా ఉండేది. ఇప్పుడు దానినిండా గాడులు, గుంటలు, రంపంపెట్టి కోసినట్టు గీతలు. ఒక మూల పెచ్చు లేచిపోయింది. ఆగలేదన్నమాట. నోరు చప్పుడు చెయ్యడం మానేసిందంతే.

మర్నాడు బడికి సెలవు పెట్టి, దాన్ని నీళ్ళ డబ్బాతోనే సంచిలో పెట్టుకుని ఒక్కడే కాకినాడ వెళ్ళాడు. డాక్టరు తిప్పి తిప్పి చూసి సంతోషించాడు.

"బాగా పనిచేస్తోందండీ. ఈ దెబ్బలన్నీ పళ్ళమీద పడాల్సినవి. ఇది కాసుకుంది."

"అసలు కొరకడం ఆగడానికేవీ లేదాండి?"

"పళ్ళు అరక్కుండా చూడ్డం వరకే నా పని మేష్టారూ. మిగతాది మీ ఇంట్లో సంగతి."

కోటిపల్లి రేవులో పంటు కోసం నిలబడి వరప్రసాదం గట్టిగా ఒక నిర్ణయానికొచ్చాడు. చర్చిలో జరిగే కోత పండుగకి అక్క ఎలాగూ వస్తానంది, పిల్లని కూడా తెస్తానంది. అప్పుడు అడిగెయ్యాలి. "అక్కా, పిల్లని ఇచ్చెయ్యి." ఎంతమాట? మూడు ముక్కలు. బడికెళ్తూ కాలవగట్టున కొబ్బరిచెట్లకి చెప్పి చూసుకున్నాడు. చెట్ల దగ్గర బాగానే వచ్చింది.

కోత పండుగ వచ్చింది. గుళ్ళో ఆరాధన అయ్యాక మరియమ్మ, ఆవిడ భర్త దానంగారు, పిల్ల, అందరూ ఇంటికొచ్చారు. చిన్నతల్లికి మూడో ఏడు నడుస్తోంది. బుగ్గలొచ్చాయి, జడలొచ్చాయి, మాటలొచ్చాయి. దీనమ్మ గుమ్మంలో నిలబడిపోయింది.

"అత్తకి వందనాలు చెప్పమ్మా," అంది మరియమ్మ.

"అత్తా, వందనాలండి," అంది చిన్నతల్లి బుద్ధిగా రెండు చేతులూ కలిపి.

దీనమ్మ చేతులు చాపింది. పిల్ల ఆ చేతుల వంక, ఆ మొహం వంక కొత్తగా చూసి, "అమ్మా!" అంటూ మరియమ్మ కుచ్చిళ్ళలో దూరి ఏడుపు లంకించుకుంది. "ఓసి పిచ్చిదానా, అత్తేనే, కొరికేత్తాదేంటి!" అని మరియమ్మ నవ్వి ఎత్తుకుంది. చాపిన చేతులు ఏం చెయ్యాలో తెలీక దీనమ్మ గుమ్మానికున్న మామిడాకులు సర్దింది.

పెద్దపిల్లతో సహా అందరూ భోజనాలకి కూర్చున్నారు. కోడికూర, గారెలు. పిల్ల మరియమ్మ ఒళ్ళోంచి దిగడం లేదు. ఆవిడ మాంసం ఈనెలు తీసినట్టు సన్నగా చీల్చి, ఊది ఊది పెడుతోంది. ఆ వేళ్ళు వరప్రసాదానికి తెలుసు. అతనికీ అలాగే పెట్టేవి.

"దవడలు అలా ఉబ్బిపోయేయేంటే దీనమ్మా? ఒంట్లో బాగోట్లేదా?" అంది మరియమ్మ.

ఇదే సమయం అనుకున్నాడు వరప్రసాదం. "అక్కా... అదీ... దీనమ్మకి అసలు నిద్ర సరిగ్గా ఉండట్లేదు. పళ్ళు కూడా... అంచేత, పిల్లని... ఓ కొన్నాళ్ళు ఇక్కడ..."

అంతవరకే వచ్చింది.

మరియమ్మ చెయ్యి నోటికీ కంచానికీ మధ్యన ఆగిపోయింది. పిల్లని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. చూస్తూ చూస్తూ ఉండగానే ఆవిడ మొహం ముసలిదైపోయింది.

"ఇప్పుడా తమ్ముడూ? నన్నొదిలి గడియ ఉండదురా ఇది. జొరవొస్తే నా గుండెల మీదే పడుకుంటది. ఇంత అలవాటయ్యాకనా?" కొంగుతో కళ్ళొత్తుకుంది. "ఇది నా చేతుల్లోంచి పోతే నేను బతకనురా."

"ఏదో మాటవరసకి అన్నాడే. నువ్వు తిను," అన్నారు దానంగారు.

వరప్రసాదం కంచంలోకి చూస్తూ తలూపాడు. అవును, మాటవరసకే. అతని మూడో ముక్క గొంతులోనే ఉంది.

మరియమ్మ ఊరుకోలేదు. ఏడుపులోంచి కోపం పొడుచుకొచ్చింది. దీనమ్మ వైపు తిరిగింది.

"అంత కష్టంగా ఉంటే ఆ రోజే ఇవ్వనని ఒక్క మాట అనకూడదటే? నేనేవన్నా లాక్కుపోయేనా? నీ చేతుల్తో నువ్వే తెచ్చి నా ఒళ్ళో పెట్టేవు కదే! అప్పుడెందుకు ఊరుకున్నావు?"

దీనమ్మ చేతిలో గిన్నె కింద పెట్టింది. ఎప్పటిలా చిన్న గొంతు కాదది. దడికవతలికి కూడా వినపడేలా చెప్పింది.

"నన్నెవరూ అడగలేదండి వదినగారూ. నాకు చెప్పేరంతే."