కత్తెరకు చిక్కని కార్డు

మా ఆయన మీద నాకున్న పెద్ద ఫిర్యాదు ఏమిటంటే, ఆయనకి చెడ్డ అలవాటంటూ ఒక్కటీ లేదు. చెడ్డ అలవాట్లున్న మొగుడితో వేగడం తేలిక. నలుగురికీ చెప్పుకుంటే నలుగురూ అయ్యో అంటారు. "మా ఆయన ఇల్లు సర్దుతారండీ" అని చెప్పుకుంటే ఎవరంటారు అయ్యో అని? పైగా నేను అదృష్టవంతురాలినని చెప్పి, ఇంటికెళ్ళి వాళ్ళాయన్ని సాధిస్తారు.

ఆయన భాషలో సర్దడమంటే పారేయడం. ఆరు నెలలు వాడని వస్తువు ఇంట్లో ఉండకూడదన్నది ఆయన చేసిన చట్టం. ఆ చట్టం కింద మూతల్లేని డబ్బాలు, డబ్బాల్లేని మూతలు, నా కాలేజీ నోటుపుస్తకాలు, మా అత్తగారు అపురూపంగా ఇచ్చిన రాగి చెంబు వరసగా గడప దాటాయి. రోజుకి మూడుపూటలా వాడకంలో ఉండబట్టి నేను మిగిలాను.

ఇంతకీ ఆయన ఉద్యోగం లిఫ్టుల తనిఖీ. పెద్ద పెద్ద భవనాల్లో లిఫ్టు పైకెక్కి, తీగలూ చక్రాలూ చూసి, ఇది మనుషులెక్కడానికి పనికొస్తుందని సంతకం పెట్టే ఇంజనీరు. తీగలన్నీ తెగిపోయినా లిఫ్టుని పట్టుకుని ఆపే బ్రేకు ఒకటుంటుందట. ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా దానితో పని పడకపోవచ్చు. అయినా అది లేకపోతే ఆయన సంతకం పెట్టరు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. ఆయన మాత్రం ఇంటికొచ్చాక గుర్తుపెట్టుకోరు.

ఈ దేశం వచ్చి పదకొండేళ్ళయింది. నాలుగేళ్ళ కిందట ఒక ఆదివారం, ఫైళ్ళు సర్దుతూ ఆయన నా క్రెడిట్ కార్డు పట్టుకున్నారు.

"ఇదేంటోయ్?"

"నా కార్డు. మన దేశంలోది."

"ఇంకా ఉందా ఇది! ఇక్కడ నీకు రెండు కార్డులున్నాయిగా?"

"అవి మీ కార్డులకి పుట్టిన పిల్లకార్డులండీ. ఇది నాది."

"దీనికి ఏడాదికో ఫీజు. దీనికోసం అక్కడి ఫోన్ నంబరు ఒకటి, దానికి రీఛార్జి. మనకి అక్కడ కొనేదేముంది, కట్టేదేముంది? సాయంత్రంలోగా కత్తిరించేద్దాం."

పెళ్ళికి ముందు మూడేళ్ళు నేను ఆడపిల్లల కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పాను. ఒకరోజు బ్యాంకువాళ్ళు స్టాఫ్‌రూమ్‌కి వచ్చి, కుర్చీలో కూర్చున్న ప్రతివాళ్ళతోనూ సంతకం పెట్టించుకుపోయారు. అలా వచ్చిందా కార్డు. దాని పరిమితి ఎంత తక్కువంటే, పెద్ద దుకాణంలో బయటికి తీయడానికి దానికే సిగ్గు. కానీ దానిమీద నా పేరు పుట్టింటి ఇంటిపేరుతో సహా ఉబ్బెత్తు అక్షరాల్లో ఉంటుంది. ఈ దేశపు కాగితాల్లో నా పేరు ఎక్కడున్నా పక్కనే "భర్తపై ఆధారపడిన వ్యక్తి" అని ఉంటుంది. ముగ్గురి తిండీ, ఉతికిన బట్టలూ, దొరకని తాళంచెవులూ నా మీద ఆధారపడ్డ సంగతి రాయడానికి ఆ ఫారాల్లో గడి లేదు.

అయినా సరే అన్నాను. పోట్లాడి గెలవడంకంటే సరే అని గెలవడం నాకు బాగా అలవాటు.

అప్పటికే మా ఆయనకి దగ్గరి అక్షరాలు కనిపించడం లేదు. ఆ మాట ఒప్పుకోరు. "ఈమధ్య అక్షరాలు మరీ చిన్నగా వేస్తున్నారు" అంటారు. అప్పుడు మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. దాని లైబ్రరీ కార్డు కూడా నా కార్డులాగే నీలం, అదే సైజు. సాయంత్రం నేను ఆ కార్డుని బల్లమీద బోర్లా పెట్టాను. మా ఆయన కత్తెర తీసుకుని, పొదుపు గురించి నాలుగు ముక్కలు చెప్పి, కార్డుని నాలుగు ముక్కలు చేశారు. దొంగలు అతికించుకుంటారేమోనని నాలుగు ముక్కలూ నాలుగు చెత్తబుట్టల్లో వేశారు. ఏ దొంగైనా కష్టపడి అతికించుకునుంటే, వాడికి ఒకేసారి పదిహేను బొమ్మల కథల పుస్తకాలు అరువు దొరికేవి.

ఆ బుధవారం అమ్మాయి కార్డు పోయిందని బయటపడింది. వస్తువులు జాగ్రత్తగా పెట్టుకోవడం గురించి వాళ్ళ నాన్న ముప్పావుగంట పాఠం చెప్పారు. కొత్త కార్డు డబ్బులు దాని చిల్లర డబ్బాలోంచే కట్టించారు. "నేను పోగొట్టలేదు నాన్నా, సంచిలోనే పెట్టాను" అని అది ఏడ్చింది. ఆ సమయంలో నేను వంటింట్లో తీరిక లేకుండా ఉన్నాను. తోమిన గిన్నెల్నే మళ్ళీ తోముతున్నాను.

అసలు కార్డు కుట్టుమిషను సొరుగులోకి చేరింది. సూదులు గుచ్చుకుంటాయని ఆయన సర్దని చోటు ఇంట్లో అదొక్కటే. పక్కనే పాత మీటల ఫోను, దాన్లో అక్కడి సిమ్. నెలకోసారి కార్డుతో సిమ్‌కి రీఛార్జి చేస్తాను. రీఛార్జి చెయ్యడానికి కావలసిన ఓటీపీ ఆ సిమ్‌కే వస్తుంది. ఇంతకుమించి ఇద్దరికీ పనేమీ లేదు. ఒకరి ప్రాణం ఒకరు నిలబెట్టుకుంటూ, పిల్లలు పట్టించుకోని ముసలి మొగుడూపెళ్ళాల్లా సొరుగులో కాపురం చేస్తున్నారు. అప్పుడప్పుడూ మా చెల్లికి ఒక వారపత్రిక చందా కడతాను. బిల్లు నా పాత జీతం ఖాతాలోంచి పోతుంది. నేను విదేశంలో ఉంటున్నానని బ్యాంకుకి రాసిచ్చాను, ఉత్తరాలకి చెల్లి ఇంటి అడ్రసు ఇచ్చాను. దాచింది మా ఆయన దగ్గర మాత్రమే.

రెండేళ్ళ కిందట గడువు తీరి కొత్త కార్డు వస్తే, చెల్లి దాన్ని చీర మడతలో పెట్టి ఎవరో వస్తుంటే పంపింది. ఆరోజు ఫోన్లో ఒకటే నవ్వు.

"అక్కా, బావగారికి తెలిస్తే?"

"తెలిస్తే ఏముందే, మళ్ళీ కత్తిరిస్తారు."

"ఈసారి ఏ కార్డు ఇస్తావు?"

"ఆయన ఆఫీసు కార్డు ఇద్దామనుకుంటున్నా."

ఇలా నడిచిపోతుండగా పోయిన నెల మా ఆయనకి ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. వేరే దేశాల్లో చదివిన తనిఖీ ఇంజనీర్లందరూ తమ యూనివర్సిటీ నుంచి మార్కుల పత్రాలు నేరుగా తెప్పించాలట. కనీసం దరఖాస్తు చేసిన రసీదైనా శుక్రవారం సాయంత్రం అయిదింటిలోగా చూపించాలి. లేకపోతే సోమవారం నుంచి సంతకం పెట్టే అధికారం ఉండదు. మళ్ళీ పరీక్ష రాసి నెగ్గేదాకా ఆఫీసులో కూర్చుని, కుర్రాళ్ళు రాసిన రిపోర్టులకి బెజ్జాలు కొట్టి ఫైల్లో పెట్టాలి.

ఇంకా పదిరోజులుందిగా అని ఆయన మంగళవారం దాకా ఆగారు. పారేయడంలో ఉన్న తొందర మిగతా పనుల్లో ఉండదు. మంగళవారం దరఖాస్తు నింపి, ఫీజు దగ్గరికొచ్చేసరికి ఆగిపోయింది. మన దేశంలో ఇచ్చిన కార్డులే చెల్లుతాయట. ఇక్కడి కార్డులు మూడూ పెట్టి చూశారు. మూడింటినీ తోసేసింది. అక్కడ ఆయన బ్యాంకు ఖాతా ఉందా అంటే, దాన్ని నా కార్డు కత్తిరించిన నెలలోనే మూయించేశారు. స్నేహితుల్ని అడిగారు. ఈయన హితబోధ విని వాళ్ళూ ఏనాడో కత్తిరించేసుకున్నారట. వాళ్ళన్నయ్యకి ఫోన్ చేస్తే, పాపం ఆయన వెంటనే తన కార్డు నంబరిచ్చారు. కార్డు అభ్యర్థిదో, భార్యదో లేక భర్తదో, తల్లిదండ్రులదో అయితేనే తీసుకుంటామంది వెబ్‌సైటు. అన్నదమ్ముల మీద ఆ యూనివర్సిటీకి నమ్మకం లేదు. మా మామగారు కరెంటు బిల్లు సైతం కౌంటర్లో కట్టి ముద్ర వేయించుకునే మనిషి, ఆయనకి కార్డు ఎక్కడిది? యూనివర్సిటీకి ఫోన్ చేస్తే సంగీతం వినిపించారు. బాగానే ఉంది సంగీతం.

నేను మంగళవారమే చెప్పొచ్చు. చెప్పలేదు. ఒకరోజు ఉడకనిద్దాం అనుకున్న మాట నిజమే, అబద్ధమెందుకు? కానీ బుధవారం కూడా నోరు పెగలకపోవడానికి కారణం వేరు. కార్డు బయటికొస్తే, నాలుగేళ్ళ కిందటి ఆ నాలుగు ముక్కలూ బయటికొస్తాయి. మొగుడికి జవాబు చెప్పడం నాకు పెద్ద పని కాదు. చెప్పాల్సింది ఇంకొకళ్ళకి.

గురువారం పొద్దున ఆయన ఒక కాలికి బూటు వేసుకుని, రెండోది చేత్తో పట్టుకుని అలాగే కూర్చుండిపోయారు. అమ్మాయి బడి సంచి భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడింది.

"నాన్నా, టైమవుతోంది."

"వస్తున్నా తల్లీ." లేవలేదు. కాసేపాగి నాతో అన్నారు, "సోమవారం నుంచి నేను లిఫ్టు ఎక్కడానికే పనికొస్తానోయ్."

ఆ మాట ఆయన ఏడుపుగొట్టు ముఖంతో అనుంటే నేను ఇంకో పూట ఆగేదాన్నేమో. నవ్వడానికి ప్రయత్నిస్తూ అన్నారు. అది చూడలేకపోయాను. వెళ్ళి కుట్టుమిషను సొరుగు లాగాను.

బల్లమీద పెట్టిన కార్డుని ఆయన చెయ్యి చాచినంత దూరం పట్టుకుని చూశారు. "ఇది నీ కార్డు కదూ? కత్తిరించాం కదా?"

"కత్తిరించారు."

"మరి?"

"ముందు ఫీజు కట్టండి. మిగతావి తర్వాత."

పాత ఫోనుకి మా ఇంట్లో స్నానాలగది కిటికీ దగ్గర తప్ప సిగ్నల్ దొరకదు. నాలుగేళ్ళుగా నేను అంతసేపు స్నానం చేస్తానని ఇంట్లో పేరు పడిపోవడానికి కారణం అదే. అమ్మాయిని లాప్‌టాప్‌తో ఆ గది గుమ్మంలో కూర్చోబెట్టాను. ఆయన ఫోను పట్టుకుని కిటికీ కింద నిలబడ్డారు. నేను నంబరు చదివాను. ఓటీపీ వచ్చేసరికి గడువు దాటిపోయింది. రెండోసారీ అంతే.

"అమ్మా, ఇంకోసారి తప్పితే రేపటిదాకా తీసుకోదట," అంది అమ్మాయి.

"రేపంటే శుక్రవారం," అన్నారు ఆయన. ఆ సంగతి మాకెవరికీ తెలియనట్టు.

"పైకెక్కండి," అన్నాను.

ఒక కాలికి బూటుతో, ఒక కాలికి మేజోడుతో కమోడు మూత మీదికెక్కి, చెయ్యి కిటికీలోంచి బయటికి చాపి నిలబడ్డారు మా ఆయన. ఎదురింటి మేడమీద బట్టలారేస్తున్నావిడ తనకే అనుకుని చెయ్యి ఊపింది. అమ్మాయి మీట నొక్కింది. ఫోను కూసింది.

"వచ్చింది, వచ్చింది! నాలుగు... కాదు, తొమ్మిది. ఈ ఫోన్లో అక్షరాలు మరీ..."

"నాన్నా, ఇటివ్వు!" అమ్మాయి గబుక్కున లాక్కుని ఆరంకెలూ కొట్టేసింది.

తెరమీద చక్రం తిరిగింది. తిరుగుతూనే ఉంది. ఆకుపచ్చ గుర్తు పడింది, కింద రసీదు నంబరు. ఆయన కమోడు మీదే చతికిలబడ్డారు.

అప్పుడు అమ్మాయి అంది, "నాన్నా, ఎప్పుడూ అవసరం పడకపోయినా బ్రేకు తీసెయ్యకూడదని నువ్వే చెప్తావుగా?"

ఆయన గొంతు సవరించుకున్నారు. పదిహేనేళ్ళ కాపురంలో "తప్పు నాదే" అన్న మాట ఆయన నోట విననిదాన్ని, తువ్వాలు పట్టుకుని చెవులు రిక్కించాను.

"చూడూ," అన్నారు, "అప్పట్లో ఉన్న పరిస్థితుల దృష్ట్యా, అందుబాటులో ఉన్న సమాచారం మేరకు, ఆ నిర్ణయం సరైనదిగానే కనిపించింది."

అచ్చం లిఫ్టు రిపోర్టే. కింద సంతకం ఒక్కటే తక్కువ. నేను తగిన జవాబు నూరుకుంటున్నాను. ఈలోగా అమ్మాయి కార్డుని అటూ ఇటూ తిప్పి చూస్తూ అడిగింది.

"మరి ఆరోజు నాన్న కత్తిరించిందేంటమ్మా? అది కూడా నీలంగానే ఉంది. నేను చూశాను."



పదమూడేళ్ళ పిల్ల. లెక్క కట్టడానికి దానికి ఎంతోసేపు పట్టలేదు. ముఖం మారడం నాకు కనబడుతూనే ఉంది. "చిల్లర డబ్బా మొత్తం బోర్లించారు," అంది మెల్లగా. "నేను సంచిలోనే పెట్టానని ఎన్నిసార్లు చెప్పాను? తర్వాత నాకే అనుమానమొచ్చింది, నిజంగానే పారేసుకున్నానేమోనని."

"అదీ... అప్పట్లో ఉన్న పరిస్థితుల్లో..." అని మొదలుపెట్టాను.

"అమ్మా, నువ్వు కూడా రిపోర్టు చదవకు."

మా ఆయన తల పైకెత్తి నావంకే చూస్తున్నారు. ఎంత ఆసక్తిగా చూస్తున్నారంటే, కళ్ళజోడు అవసరమే లేనట్టు. తువ్వాలు మడిచాను. మళ్ళీ విప్పాను. ఈసారి తోమడానికి దగ్గర్లో గిన్నెలు కూడా లేవు.

"తప్పు నాదేనమ్మా," అన్నాను. "నీ కార్డు నువ్వు పారేసుకోలేదు. నా కార్డు బదులు నేనే దాన్ని తీసిచ్చాను. నువ్వు ఏడుస్తుంటే వింటూ కూడా నోరు విప్పలేదు. తప్పు నాదే."