పటంలో గీయని ఇల్లు

గోడమీద ఆ కాగితం అంటించింది ఇమాజు ఫుసాయె చేతులే. ఉద్యోగానికి వచ్చినవాళ్లను సొంతూరు అడగకూడదు, తండ్రి ఏం పని చేస్తాడో అడగకూడదు అంటూ ప్రభుత్వం పంపిన జాబితా అది. ఒసాకాలో ఒక బిస్కెట్ల కంపెనీలో ఆమె గుమాస్తా. కురిమొతో అనే పై అధికారి జాబితా చదివి నవ్వాడు.

"అడగం లెండి. స్టేషన్ నుంచి ఇంటికి దారి గీయమంటాం, అంతే. రైలు పాసు ఇవ్వాలా వద్దా?"

పాసు వంకతో పేట ఆరా తీయడమన్నమాట. గీత వంతెన దాటి, తరాలుగా అందరూ వెలిగా చూసే తోలు పనివాళ్ల పేటలోకి వెళ్లిందా, ఆ దరఖాస్తు పని అయిపోయినట్టే. పన్నెండేళ్ల కిందట ఫుసాయె కూడా గీసింది. ఆ పేటలోనే పుట్టి, అక్కడే ఉంటూ, స్టేషన్‌కి ఇవతల ఉన్న పిన్ని ఇంటికి గీత లాగి ఉద్యోగం తెచ్చుకుంది. ఆ అబద్ధం మీదే ఇన్నేళ్లూ అన్నం తింటోంది.

ఆ రోజు వచ్చిన ఆరుగురిలో చిజురు ఒకతె. ఫుసాయె పక్కింటి పిల్ల, చిన్నప్పుడు ఆమె వీపు మీదే పెరిగింది. గదిలోకి వచ్చి, కొత్త మనిషికి వంగి నమస్కరించినట్టే ఫుసాయెకూ నమస్కరించి, కూర్చుని పెన్సిలు అందుకుంది. ఉద్యోగానికి పెట్టిన పరీక్షలో అందరికంటే ఎక్కువ మార్కులు ఆ పిల్లవే.

అందరూ వెళ్లాక ఆ అధికారి చిజురు గీసిన పటం చూసి పెదవి విరిచాడు.

"ఇమాజు గారూ, మీదీ ఈ స్టేషనే కదా? ఈ వంతెన అవతల ఎలాంటి చోటండీ?"

ఆమె చూసింది. వంతెన, తోళ్లు ఆరబెట్టే షెడ్డు, స్నానాల ఇల్లు, టోఫు కొట్టు, అన్నీ పొందిగ్గా ఉన్నాయి. చిజురు ఇంటి పక్క మాత్రం ఖాళీ. అక్కడ ఉండాల్సింది ఫుసాయె ఇల్లు.

గోడమీది కాగితం కేసి వేలు చూపిస్తే సరిపోయేది. ఆ వేలు లేవలేదు.

"నాకు తెలీదండీ. అటువైపు ఎప్పుడూ వెళ్లను."

"మీలాంటివాళ్లు వెళ్లని చోటంటే తెలుస్తూనే ఉంది లెండి," అన్నాడాయన.

మర్నాడు పొద్దున ఉద్యోగం లేదన్న ఉత్తరం టైపు చేసి, పోస్టు డబ్బాలో వేసింది కూడా ఆమే.

ఆ సాయంత్రం, పేట ఆడవాళ్లంతా కలిసి స్నానం చేసే స్నానాల ఇంట్లో ఫుసాయె పీట మీద కూర్చుందో లేదో, వెనక చిజురు చేరింది.

"అక్కా, వీపు రుద్దనా? నిన్న ఎలా ఉంది నా నాటకం? నువ్వెవరో ఎరగనట్టే ఉన్నా కదూ!"

"ఊఁ."

"మీ ఇల్లు కూడా గీయలేదు. నీ ఉద్యోగానికి చేటని అమ్మ ఒకటే పోరు. నా దారి మాత్రం నిజమే గీశానక్కా. పేట చూసి ఇప్పుడెవరూ కాదనకూడదట, మా మాస్టారు చెప్పారు. అయినా లోపల నువ్వున్నావని ధైర్యం. జవాబు ఎప్పుడొస్తుంది?"

రేపే వస్తుంది. ఫుసాయె వీపు మరింత వంచింది. రోజూ ఒంటిమీద నూలుపోగు లేకుండా అంతమంది మధ్య కూర్చునేదే; తల ఎత్తలేనంత సిగ్గు ఆమెకు ఆ రోజే కలిగింది.

"గట్టిగా రుద్దు," అంది.

"ఎర్రగా కందిపోయిందక్కా. చాలా?"

"చాలదు. ఇంకా."