చివరి లైను

లేబుల్ మిషన్ మూడు లైన్లు కొట్టి నాలుగోది మింగేసింది. ఆసుపత్రి మందుల కౌంటర్లో గుమాస్తా, మిషన్‌కి దారంతో కట్టిన ఎర్ర పెన్ను లాక్కుని, కవరు మీద 'రోజుకు ఒక్కటే' అని రాసి కిటికీలోంచి అందించాడు. పొద్దుట్నుంచి అది నూటపదో కవరు. రోగి పేరు పడుతుంది, మందు పేరు పడుతుంది, తేదీ కూడా పడుతుంది. ఎన్ని వేసుకోవాలో మాత్రం పడదు. మూడేళ్ల కిందట ఒక ముసలావిడ రోజుకు మూడు మింగి ఇదే కిటికీ ముందు కూలబడిపోయింది. ఆనాటి నుంచి ప్రతి కవరు మీదా ఆ లైను ఆయనే రాస్తున్నాడు.

ఈ సాయంత్రం ఐదింటికి ఆయన రిటైరవుతున్నాడు.

తప్పెక్కడుందో ఆయనకి తెలుసు. ఆ మిషన్ని నడిపే ప్రోగ్రాం ఎక్కడెక్కడి వలంటీర్లో ఉమ్మడిగా రాసేది. ఎవరైనా మార్పు రాసి మెయిల్లో పంపొచ్చు. రెండేళ్లు తంటాలు పడి నేర్చుకుని, రెండు లైన్ల దిద్దుబాటు రాశాడు. తన మిషన్లో పెట్టుకుంటే ప్రతి సోమవారం పైనుంచి వచ్చే అప్‌డేట్ దాన్ని తుడిచిపెట్టేది. అసలు ప్రోగ్రాంలోనే కలవాలి. ఇంట్లో ఉన్నది ఫోనొక్కటే, దాంట్లోంచి పంపితే అక్షరాల మధ్య ఖాళీలన్నీ చెదిరి దిద్దుబాటు పనికిరాకుండా పోయేది. ఆఫీసు మెయిల్లోంచి చెక్కుచెదరకుండా వెళ్ళేది కానీ, అడుగున ఆఫీసు తనంతట తానే ఒక ముక్క అంటించేది: 'ఇందులోని విషయం రహస్యం. ఎవరికీ పంపరాదు.'

"రహస్యమన్నదాన్ని అందరి ప్రోగ్రాంలో ఎలా కలపమంటారండీ? ఆ ముక్క తీసి పంపండి." వచ్చిన మార్పుల్ని ప్రోగ్రాంలో కలిపే వలంటీరు ఒక లెక్కల టీచరు. ఆయన ఆరుసార్లు పంపితే ఆరుసార్లూ ఆవిడ ఇదే జవాబు రాసింది.

మధ్యాహ్నం ఆయన కంప్యూటర్ల సూపర్నెంటు గదిలోకి దూసుకెళ్ళాడు.

"ఆ ముక్క ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి తీయండి సార్."

"రూలండీ. అయినా వెళ్ళిపోయే రోజున మీకెందుకు ఈ గోల?"

"నాకెందుకా? రేపట్నుంచి ఆ కవర్ల మీద తమరొచ్చి రాస్తారా?"

సూపర్నెంటు ఫోన్లో తల దూర్చాడు. గుమాస్తాకి ఒళ్ళు మండిపోయింది. సీటుకొచ్చి దిద్దుబాటు ఏడోసారి పంపాడు, దాని కింద ఆపుకోలేక నాలుగు మాటలు: "అమ్మా, ఇక్కడ మనుషులు మాత్రలెన్నో తెలీక పడిపోతుంటే, మీరు మెయిలు అడుగున ఏముందో చదువుతూ కూర్చున్నారు. మీకో దండం, మీ ప్రోగ్రాంకో దండం."

నాలుగున్నరకి అందరూ కలిసి ఒక గోడగడియారం చేతిలో పెట్టారు. దాన్ని చంకన పెట్టుకుని, పక్క సీటావిడతో "చివరి లైను మర్చిపోకమ్మా" అన్నాడు.

"అలాగే అన్నయ్యా" అంది ఆవిడ, క్యూ వైపు చూస్తూ.

ఐదుంపావుకి టీచరు జవాబొచ్చింది. "బడి అయ్యాక చేసే పనండీ నాది. మీ కోపం చదివి సిగ్గేసింది. 'ఇది రహస్యం కాదు' అని ఒక్క ముక్క రాసివ్వండి చాలు, ఇప్పుడే కలిపేస్తాను."

ఐదింటికే ఆఫీసువాళ్ళు ఆయన మెయిలు మూసేశారు. టీచరుకి దానంతటదే ఒక జవాబు వెళ్ళింది: 'ఈ ఉద్యోగి ఇప్పుడు ఇక్కడ లేరు.' దాని అడుగున మళ్ళీ అదే ముక్క: 'ఇందులోని విషయం రహస్యం. ఎవరికీ పంపరాదు.'

మర్నాడు పదింటికల్లా క్యూ గుమ్మం దాటింది. పక్క సీటావిడ తొమ్మిది కవర్ల మీద రాసింది. పదోదాని దగ్గర వెనకనుంచి ఎవరో "తొందరగా కానివ్వమ్మా!" అని అరిచారు. ఆవిడ కవరు అలాగే అందించేసింది. మూత తీసిన ఎర్ర పెన్ను మిషన్ పక్కన దారానికి వేలాడుతోంది.