ఇడియాప్పం ఏకాంబరం చావు సీను

ఇరవై ఆరేళ్ళుగా ఏకాంబరం హీరో పక్కన నిలబడి చెంపదెబ్బలు తింటున్నాడు. మొదటి సినిమాలో పళ్ళెం నిండా బియ్యప్పిండి సేమ్యాలాంటి ఇడియాప్పం మింగి నవ్వించినందుకు జనం అతన్ని ‘ఇడియాప్పం’ ఏకాంబరం చేసేశారు. హీరో కదిరవన్ యాభై దాటినా ఇంకా కాలేజీలోనే ఉన్నాడు కాబట్టి, స్నేహితుడి వేషం కట్టే ఏకాంబరానికీ చదువు పూర్తి కాలేదు.

అలాంటి మనిషికి చావు దొరికింది. కొత్త దర్శకుడు ముగిలన్ ఇంటికొచ్చి, ఇంటర్వెల్‌కి ముందు కత్తిపోటు తిని హీరో ఒళ్ళో చనిపోవాలనీ, చనిపోతూ పేజీన్నర మాట్లాడాలనీ చెప్పాడు. ఏకాంబరానికి ఆ పూట అన్నం సహించలేదు. జనాన్ని ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఏడిపించాలని అతని కోరిక. నెలరోజులు సాలిగ్రామం పేటలోని తన ఇంట్లో భార్య తంగపుష్పం ఒళ్ళో తలపెట్టి చస్తూనే ఉన్నాడు. ఆవిడ చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ, ఎక్కిళ్ళు కాస్త తగ్గించమనేది.

షూటింగ్ రోజు కదిరవన్ తీరిగ్గా మధ్యాహ్నానికి దయచేశాడు. రిహార్సల్లో ఏకాంబరం మాటలు చెబుతుంటే లైట్లవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. అదే కొంప ముంచింది.

“అన్నా, పోటు తిన్నవాడు ఇంతసేపు మాట్లాడతాడా? నువ్వు చటుక్కున పో. ఆ మాటలేవో నేను చెప్పుకుంటాలే,” అన్నాడు కదిరవన్.

ముగిలన్ నేల చూపులు చూశాడు. ఏకాంబరానికి కడుపు మండిపోయింది. కానీ కడుపు మండినప్పుడు నవ్వడమే కదా అతని ఉద్యోగం. నవ్వి, పడుకున్నాడు.

తీరా చూస్తే కదిరవన్‌కి రెండు వాక్యాలు దాటితే గుర్తుండవు. తుపాను గాలి కోసం పెట్టిన ఫ్యాన్ల హోరులో, కెమెరా వెనక నుంచి మాటలందించే అసిస్టెంటు గొంతు వినపడటం లేదు. ఆ పేజీన్నరా నోటికొచ్చిన మనిషి సెట్టు మొత్తంలో ఒక్కడే, వాడేమో చచ్చి పడున్నాడు. డబ్బింగ్ ఎలాగూ తర్వాతే గనక శవమే అందించాలని తీర్మానించారు. శవం పెదాలు కదులుతున్నాయని కెమెరామన్ సణిగితే, మొహం మీద తుండుగుడ్డ కప్పి అంచులు తలకింద దోపారు. మాట ముందే పోయింది, ఇప్పుడు మొహం కూడా పోయింది.

గుడ్డ కింద నుంచి ఏకాంబరం ఒక్కో వాక్యం అందిస్తుంటే, గ్లిజరిన్ కళ్ళతో కదిరవన్ బుద్ధిగా అప్పజెప్పాడు. చివరి వాక్యం దగ్గర మాత్రం ఏకాంబరం కాగితంలో లేనిది అందించాడు.

“నువ్వు తన్నులు తిన్నావు కాబట్టేరా నేను వీరుణ్ణయ్యాను. నువ్వు లేకపోతే నన్నెవడు చూస్తాడు?”

కదిరవన్ గుండెలు బాదుకుంటూ అదీ అప్పజెప్పేశాడు. చెప్పేదానికి అర్థమేమిటని ఆలోచించే అలవాటు ఆయనకెప్పుడూ లేదు. షాటు ముగియగానే సెట్టంతా చప్పట్లు మోగాయి.

“ఆ చివరి మాట నాకు అప్పటికప్పుడు తన్నుకొచ్చిందయ్యా. అలాగే ఉంచెయ్,” అన్నాడు కదిరవన్ లేచి చొక్కా దులుపుకుంటూ.

అలాగే సార్ అన్నాడు ముగిలన్, తుండుగుడ్డ వైపు చూడకుండా.

గుడ్డ తీసేసరికి ఏకాంబరం మొహమంతా తడిసి ఉంది. గ్లిజరిన్ చుక్క లేకుండా, ఇన్నేళ్ళలో మొదటిసారి, అతను కెమెరా ముందు నిజంగా ఏడ్చాడు. మేకప్ మనిషి వంగి చూసి, లోపల బాగా ఉక్కపోసినట్టుంది అన్నా అంటూ, గబగబా పౌడరు అద్దేశాడు.