నాచు ఆకు కదిలిన పూట

గాజు తొట్టిలో పాత నీళ్ళు సగం తోడేసి, ముందురోజు పట్టి ఉంచిన కుళాయి నీళ్ళు నెమ్మదిగా పోశాడు అటెండరు. కాలేజీ జీవశాస్త్రం ల్యాబులో ఈ తొట్టీ, ఇందులోని నీటినాచూ ఇన్నేళ్ళుగా ఆయన చేతి మీదే బతికాయి. అందుకే పిల్లలు ఆయన్ని నాచు మామ అంటారు. అంతకంటే పెద్ద బిరుదు తనకెవరూ ఇవ్వలేదని ఆయనా మురిసిపోతాడు.

నాచు ఆకు మహా పలచన. మైక్రోస్కోపు కింద పెడితే ఇటుకలు పేర్చినట్టు కణాలు, ఒక్కో కణంలో గోడ వెంబడే తిరిగే పచ్చటి హరితరేణువులు కనిపిస్తాయి. చల్లటి నీళ్ళలోంచి తీసి వెంటనే చూస్తే మాత్రం ఏదీ కదలదు. ముందు దీపం దగ్గర కాసేపు వెచ్చబడనివ్వాలి. కొత్తగా వచ్చినవాళ్ళు ఈ సంగతి తెలియక ఆకు చచ్చిందనుకుంటారు. వాళ్ళకి ఓపిగ్గా చెప్పడమే ఆయన ఉద్యోగంలో సగం.

ఈరోజుతో ఆ ఉద్యోగం అయిపోయింది. క్లాసులు ముగిశాక, లెక్చరర్ మేడమ్‌ని అడిగి, భార్యను ల్యాబుకి తీసుకొచ్చాడు. ఆవిడకి ఒక కన్ను ఎప్పుడో పోయింది. రెండోదీ మసకబారుతోంది, ఎంతకాలం ఉంటుందో చెప్పలేమన్నాడు డాక్టరు. భోజనాల దగ్గర ఆయన చెబితే విన్నదే తప్ప ఆ కదలికను ఆవిడ ఎన్నడూ చూడలేదు. చూపుండగానే చూపించాలని ఆయన ఆరాటం. ఈ యంత్రానికి ఒక కన్ను చాలని ఆవిణ్ణి నవ్వించాడు.

ఆ ఆరాటంలో చల్లటి ఆకునే తీసి పెట్టేశాడు. ఆవిడ కళ్ళజోడు తీసి పక్కన పెట్టి మైక్రోస్కోపు మీదికి వంగింది.

"తిరుగుతున్నాయండీ. భలేగా ఉన్నాయి," అంది కాసేపటికి.

ఆయన సంబరంగా తానూ తొంగిచూశాడు. ఒక్క రేణువు కదిలితే ఒట్టు. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది తన పని. తన మనసు కష్టపెట్టలేక అబద్ధమాడిన మనిషిని చూస్తే నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆకుని తీసి దీపం దగ్గరికి జరిపి, ఆవిణ్ణి కబుర్లలో పెట్టాడు. ఓ మూల మసక బంతిలా ఉండేది కేంద్రకమనీ, కణానికి అదే ఇంటిపెద్దనీ, కూర్చున్నచోటి నుంచే పెత్తనమంతా చేస్తుందనీ చెప్పాడు. అయితే మనింట్లో అది మీరేనని, తిరిగే చాకిరీ మాత్రం తనదని ఆవిడ దెప్పింది.

ఆకు వెచ్చబడ్డాక తిరిగి మైక్రోస్కోపు కింద పెట్టాడు. ఆవిడ మళ్ళీ వంగింది. చెయ్యి వెనక్కి చాపి, తడిమి, ఆయన మణికట్టు పట్టుకుంది.

"ఇందాక అబద్ధం చెప్పానండీ. ఇప్పుడు నిజంగానే తిరుగుతున్నాయి. ఒకదాని వెనక ఒకటి, ఎవరూ తోలకుండానే."

"తెలుసులే," అన్నాడాయన.

"కన్నుండగా చూపించారు. నాకిది చాలు."

ఇన్నేళ్ళూ తన ఇల్లు గడిపి, ఇవాళ తన మాట నిలబెట్టిన నాచుకి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాడాయన.

దీపం ఆర్పి, తాళం వేసి, తాళంచెవి వాచ్‌మన్ చేతిలో పెట్టాడు. మెట్ల మీద ఆవిడ ఆయన చెయ్యి వదల్లేదు. ఆకు కబుర్లే చెప్పుకుంటూ ఇద్దరూ గేటు దాటి మలుపు తిరిగారు. లోపల మైక్రోస్కోపు పక్కన, కాడలైనా మడవకుండా, ఆవిడ కళ్ళజోడు ఉండిపోయింది.